పతంగి కన్సోల్ డైరీ: చిప్పు మార్చాలా, తీగ మార్చాలా?

నవంబర్ 9, ఆదివారం

పోయిన సంక్రాంతికి మేడ మీద పతంగులు ఎగరేస్తూ మా అక్క కొడుక్కి ఒక మాట ఇచ్చాను. వచ్చే పండక్కల్లా చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ ఒకటి నేనే చేసి ఇస్తానని, అందులో మొదటి గేము పతంగుల గేమేనని. వాడు ఆరో తరగతి. మాట మర్చిపోయే వయసు కాదు. దసరా సెలవుల నుంచి రోజూ అడుగుతున్నాడు.

సామాను ఇది: రాస్ప్‌బెర్రీ పై పికో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, 2.8 అంగుళాల రంగుల డిస్‌ప్లే, ఎనిమిది బటన్లు, చిన్న స్పీకరు, దాన్ని నడిపే బుల్లి ఆంప్లిఫయర్, 1000 ఎంఏహెచ్ లిథియం బ్యాటరీ. పికోలో ఉన్న ఆర్‌పీ2040 చిప్పులో రెండు కోర్లు ఉంటాయి. నేను 125 మెగాహెర్ట్జ్ దగ్గర నడుపుతున్నాను. మెమరీ 264 కేబీ. గ్రాఫిక్స్ కోసం విడిగా ఏమీ లేదు, ప్రతి చుక్కా ప్రాసెసరే వెయ్యాలి. డిస్‌ప్లేలో తెరని నడిపే ఐఎల్ఐ9341 కంట్రోలర్ చిప్పు, 320 × 240 చుక్కలు.

రాత్రికి బొమ్మ వచ్చింది. వెనక ఆకాశం, దూరంగా మేడలు, దగ్గరగా ఇంకో వరస మేడలు, వాటి మీదుగా ఎర్ర పతంగి. దగ్గరి మేడలు వేగంగా, దూరపువి నెమ్మదిగా జరుగుతుంటే లోతు కనిపిస్తోంది. చాలా సంతోషమేసింది. వాడి చేతికిచ్చాను. రెండు నిమిషాలు ఆడాడు.

"మామా, బొమ్మ మస్తుంది గానీ పతంగి ఆగి ఆగి పోతోంది."

నిజమే. సెకనుకు 19 ఫ్రేములు వస్తున్నాయి. పతంగి గాల్లో తేలాలి, ఇది మెట్లు ఎక్కుతున్నట్టు పోతోంది. ఆఫీసు ఫ్రెండుకి వీడియో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "అరే, గ్రాఫిక్స్ చిప్పే లేని బోర్డు మీద గేమేంట్రా? జీపీయూ ఉన్నది పెట్టు, అయిపోద్ది."

వాడు చెప్పింది తప్పని అనలేను. కానీ డబ్బు పెట్టే ముందు ఆ 53 మిల్లీసెకన్లు ఎక్కడ పోతున్నాయో చూడాలి. ఒక ఫ్రేముకి పడుతున్నది అంత.

నవంబర్ 15, శనివారం

కొలిచాను. పద్ధతి సులువు. బొమ్మ గీయడం మొదలవగానే ఒక ఖాళీ పిన్నుని పైకి లేపి, గీయడం అవగానే దించాను. బొమ్మని డిస్‌ప్లేకి పంపేటప్పుడు ఇంకో పిన్ను. రెండింటికీ లాజిక్ ఎనలైజర్ తగిలిస్తే ఏ పని ఎంతసేపో ల్యాప్‌టాప్ మీద గీతల్లో కనిపిస్తుంది.

గీయడానికి 11 మిల్లీసెకన్లు. పంపడానికి 42.

ఆ గీతల వంక చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. మొదటి పిన్ను గీత బెత్తెడు, రెండోది మూరెడు. నేను నెల రోజులుగా గీసే కోడునే చెక్కుతున్నాను, లూపులు తగ్గిస్తూ, గుణకారాల బదులు కూడికలు పెడుతూ. ఆ పనంతా బెత్తెడు గీతలోనే జరిగింది. గ్రాఫిక్స్ చిప్పు పెట్టి గీయడాన్ని సున్నాకి తెచ్చినా, మిగిలే 42 మిల్లీసెకన్లతో సెకనుకు 24 ఫ్రేములు దాటవు.

లెక్క చూస్తే ఇందులో రహస్యమేమీ లేదు. ఒక్కో చుక్కకి 16 బిట్లు. 320 × 240 చుక్కలంటే 1,53,600 బైట్లు, అంటే 12 లక్షల పైచిలుకు బిట్లు. డిస్‌ప్లేకి వెళ్ళే డేటా తీగ ఒక్కటే. బిట్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఆ తీగలోంచే దూరాలి. నేను పెట్టిన వేగం 31.25 మెగాహెర్ట్జ్. ఆ వేగంతో 39 మిల్లీసెకన్లు ఎలాగూ పడుతుంది. మిగతా మూడు, పికోలో ఇలా వరసగా బిట్లు పంపే ఎస్‌పీఐ బ్లాకు ఒక్కో డేటా ముక్కకీ మధ్య తీసుకునే చిన్న చిన్న విరామాలు. పైగా ఆ 42 మిల్లీసెకన్లూ ప్రాసెసర్ చేతులు కట్టుకుని నిలబడుతోంది, ఎందుకంటే పంపడం పూర్తయ్యేదాకా ఆగమని కోడులో నేనే రాశాను.

నవంబర్ 16, ఆదివారం

ఇవాళ బోర్డు ముట్టుకోలేదు. పాత చేతి కన్సోళ్ళు ఈ చిక్కుని ఎలా దాటాయో చదివాను.

1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చింది. 160 × 144 చుక్కలు, నాలుగే ఛాయలు, ప్రాసెసర్ వేగం 4.19 మెగాహెర్ట్జ్. నా పికో దానికి ముప్పై రెట్లు. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో వచ్చింది, బొమ్మల్ని హార్డ్‌వేరే పెంచి తగ్గించగలిగేది. మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్, అదీ రంగులే. ఆ రెండింటికీ ఆరేసి పెన్సిల్ సెల్స్ కావాలి, నాలుగైదు గంటలకే అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు సెల్స్‌తో పదిహేను గంటలకు పైగా నడిచేది. దాని తర్వాతి రంగుల మోడల్‌తో కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. దాన్ని తయారు చేసిన బృందానికి పెద్ద గున్‌పెయ్ యొకోయ్. చౌకబడిపోయిన, అందరికీ లోతుపాతులు తెలిసిన టెక్నాలజీని కొత్త పద్ధతిలో వాడాలన్నది ఆయన సూత్రం.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఇక్కడ ఆపి, "చూశారా, గ్రాఫిక్స్ అక్కర్లేదు" అంటారు. లోపలి పనితనం చూస్తే అలా అనలేం. గేమ్ బాయ్‌లో గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ ఉంది, దాన్ని చాలా తెలివిగా పెట్టారు. ప్రాసెసర్ ఒక్కో చుక్కా వెయ్యదు. 8 × 8 చుక్కల పలకలు ముందే చేసి వీడియో మెమరీలో పెడుతుంది. ఏ గడిలో ఏ పలకో చెప్పే 32 × 32 పటం ఒకటి ఉంటుంది. తెర ఆ పటం మీద జరిగే కిటికీ లాంటిది. కిటికీని జరపాలంటే రెండే రెండు రిజిస్టర్లు (చిప్పులో అంకె రాసే చిన్న గడులు), ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఒక్క అంకె రాస్తే లోకమంతా జరుగుతుంది. కదిలే బొమ్మలు 40 దాకా, ఒక వరసలో పది. అంతే.

నా పికో మాత్రం ఆకాశం ఒక్క చుక్క జరిగినా 76,800 చుక్కలు మళ్ళీ వేసి మళ్ళీ పంపుతోంది. ఈ జరిపే రిజిస్టర్ మాట బుర్రలో ఉండిపోయింది.

నవంబర్ 23, ఆదివారం

ముందు తీగ సంగతి. ఎస్‌పీఐ బ్లాకు పక్కన పెట్టి, పికోలోనే ఉన్న పీఐఓతో (పిన్నుల్ని ప్రాసెసర్‌తో పని లేకుండా నడిపే భాగం అది) బిట్లు పంపే చిన్న ప్రోగ్రాం వాడాను. విరామాలు పోయాయి. వేగం 62.5కి పెంచాను. ఆకాశం నిండా ఆకుపచ్చ చుక్కలు, మేడల అంచులు చిందరవందర.

మొదట కోడులో తప్పనుకుని గంటన్నర వెతికాను. తర్వాత ఊరికే ఒక జంపర్ తీగని వేలితో కదిపితే చుక్కల తీరు మారింది! అప్పుడర్థమైంది. బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చే పలక) మీద 20 సెంటీమీటర్ల జంపర్ తీగలు, అన్నిటికీ కలిపి ఒకే గ్రౌండు. ఆ వేగంలో క్లాక్ సిగ్నల్ అంచులు పదునుగా ఉండటం లేదు. గ్రౌండు తీగ దూరంగా ఉంటే ఇంకా పాడు.

బ్రెడ్‌బోర్డు తీసేసి పర్ఫ్‌బోర్డు మీద సోల్డరింగ్ చేశాను. తీగలు నాలుగు సెంటీమీటర్లకు తగ్గాయి. క్లాక్ తీగ చుట్టూ గ్రౌండు తీగని మెలితిప్పాను. ఒక్క చుక్క కూడా లేదు. పంపే సమయం 19.8 మిల్లీసెకన్లు.

ఒకటి చెప్పాలి. ఐఎల్ఐ9341 డేటాషీటులో సీరియల్‌గా రాయడానికి ఇచ్చిన వేగం 10 మెగాహెర్ట్జే. ఆ లెక్కన సెకనుకు 8 ఫ్రేములే వస్తాయి. మాలాంటి వాళ్ళు చాలామంది దీన్ని 40 పైనే నడుపుతారు, నా పీసు 62.5 తట్టుకుంది. ఇంకో పీసు తట్టుకుంటుందని హామీ ఇవ్వలేను. అమ్మకానికి పెట్టే వస్తువైతే ఈ పని చేసేవాణ్ణి కాదు. ఎనిమిది డేటా తీగలుండే ప్యారలల్ డిస్‌ప్లే తీసుకునేవాణ్ణి.

11 గీయడం, 20 పంపడం, మొత్తం 31. సెకనుకు 32 ఫ్రేములు. రూపాయి ఖర్చు లేకుండా, తీగలు కత్తిరించి.

నవంబర్ 30, ఆదివారం

ఇక ప్రాసెసర్ ఖాళీగా నిలబడే సంగతి. ఒక బొమ్మ తీగలో పోతుండగా తర్వాతి బొమ్మ గీయాలంటే రెండు బఫర్లు, అంటే ఒక్కో బొమ్మకి ఒక్కో మెమరీ ముక్క, కావాలి. రెండు కలిపితే 3,07,200 బైట్లు. నా దగ్గరున్న మెమరీ మొత్తం 2,70,336. పట్టదు.

దారి పాతదే, ప్యాలెట్. ఒక్కో చుక్కకి 16 బిట్ల రంగు బదులు 8 బిట్ల నంబరు పెట్టుకుంటే బఫరు సగమవుతుంది. రెండు బఫర్లూ కలిపి 1,53,600. హాయిగా పడుతుంది. పంపేటప్పుడు రెండో కోరు ఒక్కో వరస తీసుకుని, నంబర్లని రంగులుగా మార్చి, ప్రాసెసర్ బదులు డేటా మోసే డీఎంఏకి అందిస్తుంది. మొదటి కోరు తన మానాన గీసుకుంటుంది.

పదహారు బిట్లలో 65,536 రంగులు వీలు. ఇప్పుడు 256. ఏం పోతుందోనని టెన్షన్ పడ్డాను. గేములో వాడుతున్న రంగులు లెక్కపెడితే 90 కూడా లేవు. సాయంత్రపు ఆకాశంలో నారింజ నుంచి ఊదాకి మారే చోట మాత్రం చారలు కొంచెం తెలుస్తున్నాయి. చారల సరిహద్దుల్లో చుక్కలు విడిచి విడిచి పెడితే అవీ కలిసిపోయాయి.

సెకనుకు 50 ఫ్రేములు. మేనల్లుడు పరీక్షల్లో ఉన్నాడు, అక్క ఫోన్ కూడా ఇవ్వలేదు.

డిసెంబర్ 6, శనివారం

ఫ్రెండు మాట మనసులో ముల్లులా ఉంది కాబట్టి పికో 2 కొన్నాను. ఆర్‌పీ2350 చిప్పు, 2024లో వచ్చింది. కోర్లు కొత్తవి, మెమరీ 520 కేబీ, దశాంశాల లెక్కలకు విడిగా హార్డ్‌వేర్. పిన్నుల వరస పాత పికోదే కాబట్టి సాకెట్లో మార్చి పెట్టడమే. పోలిక సరిగ్గా ఉండాలని రెండింటినీ 125 మెగాహెర్ట్జ్ దగ్గరే నడిపాను.

గీసే సమయం 11 నుంచి 8కి దిగింది. మంచి తగ్గుదలే. ఫ్రేముల సంఖ్య 50. పాత చిప్పుతోనూ 50.

తీగ అదే కదా! 19.8 మిల్లీసెకన్ల పని వెనక 11 దాగినా, 8 దాగినా ఒకటే. దీని మీద గ్రాఫిక్స్ చిప్పే పెట్టి, గీయడం అర మిల్లీసెకనుకు దింపినా ఇదే 50 వస్తుంది. ఇది ముందే లెక్కలో తెలిసినా, రెండు బోర్డులు మార్చి మార్చి ఒకే అంకె కళ్ళతో చూడటం వేరు.

పికో 2 గొప్పతనం వేరే చోట కనిపించింది. 520 కేబీలో 16 బిట్ల బఫర్లు రెండూ పట్టేస్తాయి, ప్యాలెట్ అవసరమే ఉండదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నన్నడిగితే పికో 2 నే తీసుకోమంటాను, మెమరీ కోసం. నా గేముకి మాత్రం పాతది తిరిగి పెట్టేశాను. మేనల్లుడికి మాట ఇచ్చిన గేము దీని మీద ఆడకపోవడానికి కారణం ఇంకా కనపడలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

ఫ్రెండు ఇంటికొచ్చాడు. పై అంకెలు చూపించాను. వాడు ఊరుకునే రకం కాదు.

"సరేరా, నీది బొమ్మ కన్సోలు. నింటెండో వాడు 2025 జూన్‌లో స్విచ్ 2 తెచ్చాడు, గ్రాఫిక్స్ పెంచే కదా తెచ్చాడు?"

వాడి మాటలో న్యాయముంది. 2017 నాటి స్విచ్‌లో ఎన్విడియా టెగ్రా ఎక్స్1, చేతిలో ఆడే తెర 720పీ. ఏళ్ళు గడిచేకొద్దీ పెద్ద గేములు దాని మీదకి తేవాలంటే బొమ్మల నాణ్యత బాగా కోసేయాల్సి వచ్చేది. అక్కడ అడ్డు నిజంగా గ్రాఫిక్స్ చిప్పే, కాబట్టి చిప్పు మార్చడం సరైన పని.

నేను స్టీమ్ డెక్ అనే ఇంకో చేతి కన్సోల్ గుర్తుచేశాను. 2022లో వచ్చింది, 2023 నవంబరులో ఓఎల్‌ఈడీ మోడల్ వచ్చింది. రెండో దాంట్లో గ్రాఫిక్స్ యూనిట్ అదే, ఎనిమిది కంప్యూట్ యూనిట్లు. మార్చింది తెరని: 60 హెర్ట్జ్ నుంచి 90కి, ఎల్‌సీడీ నుంచి ఓఎల్‌ఈడీకి. బ్యాటరీని 40 వాట్ అవర్ల నుంచి 50కి పెంచారు. చిప్పుని ఇంకా సన్నని తయారీ పద్ధతిలో మళ్ళీ చేసి కరెంటు తగ్గించారు. వాడకందార్ల చేతిలో ఏది ఇబ్బంది పెడుతోందో చూసి అక్కడ ఖర్చు పెట్టారు.

టీ తాగి వెళ్తూ అన్నాడు, "అయితే నీ కన్సోల్లో ఇప్పుడేది ఇబ్బంది?" మంచి ప్రశ్న. నేను ఏమీ చెప్పకుండా కన్సోల్ వాడి చేతికిచ్చాను. పతంగిని వేగంగా పక్కకి లాగితే తెర మీద మూల నుంచి మూలకి ఏటవాలుగా ఒక కోత కనిపించింది.

డిసెంబర్ 14, ఆదివారం

ఆ ఏటవాలు కోత వారం తిన్నది.

డిస్‌ప్లే కంట్రోలర్ తన మెమరీలోని బొమ్మని సెకనుకు 70 సార్లు గాజు మీదకి దించుతూ ఉంటుంది. నేను 50 సార్లు కొత్త బొమ్మ రాస్తున్నాను. నేను రాసే చోటు, అది చదివే చోటు ఎక్కడో ఒకచోట దాటుకుంటాయి. దాటుకున్న చోట ఒక పక్క కొత్త బొమ్మ, ఒక పక్క పాత బొమ్మ. కోత అదే. కానీ ఏటవాలుగా ఎందుకు?

ఈ ప్యానెల్ పుట్టుకతో నిలువుది, 240 వెడల్పు, 320 ఎత్తు. నేను అడ్డంగా తిప్పి వాడుతున్నాను. దాని చదువు ఇప్పటికీ దాని పొడవు వెంటే సాగుతుంది, అంటే నా ఎడమ నుంచి కుడికి. నా రాత పై నుంచి కిందికి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా నడుస్తుంటే కలిసే చోట్లన్నీ ఏటవాలు గీత మీదే పడతాయి. కాగితం మీద గీసుకుంటే గానీ నాకు బోధపడలేదు.

మందు ఏమిటంటే బొమ్మని వరసలుగా పంపడం మానేసి, దాని అలవాటు ప్రకారం నిలువు పట్టీలుగా పంపడం. బఫరునే అలా అమర్చుకున్నాను, గీసే ఫంక్షన్లన్నిటిలో ఎక్స్, వై తారుమారు. కంట్రోలర్ రిఫ్రెష్‌ని 70 నుంచి 61కి తగ్గించే సెట్టింగు కూడా మార్చాను. కోత నిట్టనిలువు గీతయింది. మా గేములో కదలిక అడ్డంగా కాబట్టి, నిలువు కోత దగ్గర మేడ ఒకటి రెండు చుక్కలు సన్నబడటమో లావెక్కడమో జరుగుతుంది అంతే. వెతికి చూస్తే గానీ కనపడదు. డిస్‌ప్లే తాను చదవడం మొదలుపెట్టే క్షణాన్ని చెప్పే టీఈ పిన్ను బయటికి తీసి ఉంటే ఈ తంటా ఉండేదే కాదు. నా మాడ్యూల్లో తియ్యలేదు.

డిసెంబర్ 20, శనివారం

తెలుగు అక్షరాలు. గేములో మాటలన్నీ తెలుగులోనే ఉండాలని మొదటి రోజే అనుకున్నాను.

16 చుక్కల ఎత్తులో మొదలుపెట్టాను, ఇంగ్లీషుకి అది ధారాళం. "రెట్టింపు" రాస్తే ట కింద ఒత్తు పై అక్షరానికి అతుక్కుపోయి నల్ల ముద్దయింది. ధ, ఢ, ఫ ల కింద ఉండే చిన్న గీత ఒకే చుక్క, అది ఉందో లేదో తెలియక "ధ" చదివితే "ద" లా ఉంది. తలకట్టుకీ, అక్షరానికీ, ఒత్తుకీ విడివిడిగా చోటు కావాలి. 24 చుక్కలకి వెళ్ళాకే కళ్ళకి హాయిగా ఉంది. ఒత్తులు, గుణింతాలు కలిపి కూర్చే ప్రోగ్రాం ఈ చిప్పులో పెట్టే పని పెట్టుకోలేదు. ల్యాప్‌టాప్ మీద మాటలకి మాటలే బొమ్మలుగా చేసి ఫ్లాష్‌లో పెట్టాను. నలభై మూడు మాటలు సరిపోయాయి.

ఇక్కడ మాత్రం నాకు మెరుగైన హార్డ్‌వేర్ కావాలనిపించింది, చుక్కలు ఇంకా దగ్గరగా ఉండే తెర. మన లిపికి 320 × 240 ఇరుకే.

డిసెంబర్ 21, ఆదివారం

గేమ్ బాయ్ జరిపే రిజిస్టర్ నెల రోజులుగా తొలుస్తోంది. ఇవాళ ఐఎల్ఐ9341 డేటాషీటు మొదటి పేజీ నుంచి చదువుతూ పోయాను. నిలువు స్క్రోలింగ్ అని రెండు కమాండ్లు. ఇదివరకు చూసి, "నా గేము అడ్డంగా జరుగుతుంది, నిలువు ఎందుకు" అని వదిలేశాను.

నేను ప్యానెల్‌ని పక్కకి తిప్పి వాడుతున్నాను కదా. దాని నిలువు నాకు అడ్డం!

రాత్రి పదకొండింటికి లేచి నిలబడిపోయాను. ఒక్క అంకె పంపితే మేడలన్నీ ఎడమకి జరిగాయి. బొమ్మ పంపలేదు, గీయలేదు. 1989లో గేమ్ బాయ్ చేసిన పనే, ఈ డిస్‌ప్లేలో మొదటి నుంచీ ఉంది. చిప్పు మార్చాలా వద్దా అని నెలన్నర తర్కించుకున్న గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ నా చేతిలోనే, గాజు అంచున ఉండే ఆ సన్నటి చిప్పులో ఉంది.

ఇంకో మంచి సంగతి. స్క్రోలింగ్‌కి ముందు, వెనక కదలకుండా ఉండే భాగాలు పెట్టుకోవచ్చు. నాకు అవి ఎడమ, కుడి పట్టీలవుతాయి. ఎడమన 32 చుక్కల పట్టీని స్థిరంగా ఉంచి స్కోరు, మిగిలిన పతంగులు అక్కడికి మార్చాను. ఆ పట్టీ అంకె మారినప్పుడు తప్ప ముట్టుకోనక్కర్లేదు. మిగిలిన 288 చుక్కల వెడల్పులో లోకం జరుగుతుంది.

ఇప్పుడు ఒక్కో ఫ్రేముకి పంపేది: కుడి అంచున కొత్తగా వచ్చే రెండు నిలువు పట్టీలు, 960 బైట్లు. ఐదు పతంగులు, అవి వదిలి వచ్చిన చోట వెనకటి బొమ్మ, కలిపి 13 వేల బైట్ల చిల్లర. అంతా రెండు మిల్లీసెకన్ల లోపే. నిన్నటిదాకా 19.8.

నష్టం ఒకటుంది, అది నాకు బాధగానే ఉంది. హార్డ్‌వేర్ అంతా కలిపి ఒకే వేగంతో జరుపుతుంది. దూరపు మేడలు నెమ్మదిగా, దగ్గరివి వేగంగా జరిగే ఆ లోతు పోయింది. మొదటి రోజు నాకు అంత సంతోషం ఇచ్చింది అదే. దూరపు మేడల్ని పాలిపోయిన రంగుల్లో గీసి, దగ్గరి మేడల మీద ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకులు, డిష్ యాంటెన్నాలు పెట్టి లోతు కొంత తెచ్చాను. పరీక్షలైపోయి వచ్చిన మేనల్లుడికి రెండూ పక్కపక్కన ఆడించాను. వాడు పాతది పది సెకన్లు కూడా పట్టుకోలేదు. కొత్తదాంట్లో గంట ఆడి, ఒక పతంగి తెగ్గొట్టి "అఫా!" అని అరిచాడు. సెకనుకు 60 ఫ్రేములు.

డిసెంబర్ 28, ఆదివారం

గంట ఆడాక వాడు అడిగింది: "మామా, దారం ఏది?"

దారం పెట్టలేదు. పతంగి గాల్లో దానంతట అది తిరుగుతోంది. పతంగి ఆటంతా దారంలోనే ఉంటుంది కదా. ఢీల్ ఇస్తే దారం వంగాలి, గుంజితే బిగుసుకోవాలి. ఎదుటి దారం మీద మన దారం పడాలి. వాడు అడిగేదాకా నాకు తట్టకపోవడం ఆశ్చర్యం.

దారం పెడితే పోయిన వారం లెక్క చెడుతుంది. పతంగి 32 చుక్కల చదరం, చుట్టూ గీత గీసుకుని ఆ ముక్క పంపితే సరిపోయేది. దారం తెర ఈ చివర నుంచి ఆ చివరకి పోతుంది. దాని చుట్టూ చదరం గీస్తే దాదాపు తెరంతా వస్తుంది, మళ్ళీ 19 మిల్లీసెకన్లు.

కానీ నేను ఇప్పుడు నిలువు పట్టీలుగా పంపుతున్నాను. ఒక్కో నిలువు పట్టీలో దారం ఆక్రమించేది రెండు మూడు చుక్కలు, ముందు ఫ్రేములో ఉన్న చోటు చెరపడానికి ఇంకో మూడు. ప్రతి పట్టీలో పాత చోటు, కొత్త చోటు కలిపి ఆ ఆరేడు చుక్కల తునక మాత్రం పంపితే చాలు. ఒక్కో తునకకి ఎక్కడ రాయాలో చెప్పే కమాండ్లు 11 బైట్లు, తునక 12 నుంచి 14 బైట్లు. సరుకు బరువూ అడ్రసు బరువూ దాదాపు సమానం. 288 తునకలకి ఏడు వేల బైట్ల చిల్లర. లెక్క ప్రకారం మిల్లీసెకను లోపు అవ్వాలి. కొలిస్తే నాలుగు. కమాండుకీ డేటాకీ మధ్య ఒక పిన్నుని మార్చి మార్చి లేపాలి, అక్కడ ఆగుతోంది. ఆ పిన్నుని కూడా పీఐఓ చేతికే ఇస్తే తగ్గుతుంది. నాలుగే అయినా నాకు 16.7 దాకా చోటుంది కాబట్టి ప్రస్తుతానికి వదిలేశాను.

వంపుకి మామూలు పారబోలా పెట్టాను. బటన్ వదిలితే వంపు పెరుగుతుంది, నొక్కితే తగ్గుతుంది. ఎంత నెమ్మదిగా వంగాలో సరిచూసుకోవడానికి అక్క వాళ్ళ మేడ ఎక్కి అసలు పతంగే ఎగరేసి చూశాను. ఢీల్ ఇచ్చిన వెంటనే దారం వంగదు. పతంగి ఒక్క క్షణం వెనక్కి జారి, అప్పుడు దారం పొట్ట వేస్తుంది. ఆ క్షణం గేములో పెట్టాను, 14 ఫ్రేములు. సెకనుకు 19 ఫ్రేములున్న రోజుల్లో అంత సన్నని ఆలస్యం చూపించడానికి నాలుగైదు ఫ్రేములే ఉండేవి, అది తడబాటులానే కనిపించేది.

జనవరి 4, ఆదివారం

బ్యాటరీ. మీటరు వరసలో పెట్టి చూస్తే డిస్‌ప్లే వెనక వెలిగే బ్యాక్‌లైటు ఒక్కటే 75 మిల్లీయాంపులు. పికో 38. స్పీకరు, మిగతా చిల్లర 12. మొత్తం కరెంటులో ఐదింట మూడు వంతులు దీపానికే! బ్యాక్‌లైటు తగ్గించే బటన్ పెట్టాను, ఇంట్లో ఆడటానికి సగం వెలుగు చాలు. మేడ మీద ఎండలో పూర్తిగా వెలిగించినా కష్టంగానే కనిపిస్తుంది, దానికి నా దగ్గర మందు లేదు. ఫ్రేము పని త్వరగా అయిపోతోంది కాబట్టి మిగిలిన సమయం కోర్లని నిద్రపుచ్చితే పికో 38 నుంచి 29కి దిగింది. సగం వెలుగులో నిన్న పొద్దున మొదలుపెట్టి ఆపకుండా నడిపాను, పదకొండు గంటల ఐదు నిమిషాలకి ఆరిపోయింది. పోయిన నెల, పూర్తి వెలుగుతో, రెండు కోర్లూ నిద్రపోకుండా నడిచినప్పుడు ఆరు గంటల నలభై నిమిషాలు.

వెలుగు తగ్గిస్తే స్పీకర్లో సన్నని కూత వస్తోంది. బ్యాక్‌లైటుని సెకనుకు వెయ్యి సార్లు ఆర్పి వెలిగిస్తున్నాను, ఆ వెయ్యే చెవికి వినిపిస్తోంది. పాతిక వేలకి పెంచితే కూత పోయింది.

పెట్టె పని మిగిలింది. ప్లైవుడ్ ముక్కలు కోయించి తెచ్చాను, అంచులు గరుకు కాగితంతో రుద్దుతున్నాను. ఎనిమిది బటన్లలో ఒకదాన్ని రెండేసి సార్లు నొక్కితే గానీ పని చెయ్యడం లేదు, అది మార్చాలి. మేనల్లుడు పక్కనే కూర్చుని మూత లేని కన్సోల్‌నే పట్టుకుని ఆడుతున్నాడు. నేను రుద్దుతూ వాడి బొటనవేలు చూస్తున్నాను. బటన్ వదిలాడు. పతంగి కాస్త వెనక్కి జారింది, దారం పొట్ట వేసింది, వాడు నోటితో "ఢీల్... ఢీల్..." అని అనుకుంటూ ఎదుటి పతంగి దగ్గరికి వచ్చేదాకా ఆగి, గుంజాడు.